కాలేజీకి వెళ్లని యువ వ్యవస్థాపకుల మీద పెట్టుబడి పెట్టడం ఎలా

ఇరవై ఏళ్లు నిండని వ్యక్తి చేతిలో మీ డబ్బు పెట్టబోతున్నారు. ఆ వ్యక్తికి డిగ్రీ లేదు, ఉద్యోగానుభవం లేదు, ఇంతకుముందు కంపెనీ నడిపిన చరిత్రా లేదు. ఉన్నదల్లా చేసి చూపించిన కొంత పని, ఇంకా చేయగలనన్న పట్టుదల. ఇలా పెట్టుబడి పెట్టడంలో తప్పేమీ లేదు. సరిగ్గా చేస్తే ఇంతకన్నా తృప్తినిచ్చే పెట్టుబడి మరొకటి ఉండదని నా నమ్మకం. అయితే మామూలు స్టార్టప్‌లో పెట్టినట్టే ఇక్కడా పెడితే ఇద్దరూ నష్టపోతారు. కాలేజీలో పాఠాలతో పాటు తోటివాళ్లు దొరుకుతారు, అడిగితే చెప్పే పెద్దలు దొరుకుతారు, రోజుకో క్రమం ఏర్పడుతుంది, చివరికి ఏదీ కలిసిరాకపోయినా చేతిలో ఒక పట్టా మిగులుతుంది. ఇవన్నీ వదులుకుని వచ్చిన వ్యక్తి కంపెనీలో మీరు వాటా తీసుకుంటున్నారంటే, ఆ లోటులో కొంత పూడ్చే పూచీ మీదే. కింద చెప్పే అడుగులన్నీ ఆ పూచీని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

మొదటి అడుగు: ఇచ్చేది విరాళమా, పెట్టుబడా తేల్చుకోండి

ఈ దారిలో అందరికన్నా పేరున్న కార్యక్రమం థీల్ ఫెలోషిప్. దీన్ని అమెరికా పెట్టుబడిదారు పీటర్ థీల్ 2010లో ప్రకటించారు, 2011లో తొలి బృందాన్ని ఎంపిక చేశారు. చదువు పక్కన పెట్టి సొంత పని మీద కూర్చునే యువతకు రెండేళ్లలో లక్ష డాలర్లు ఇచ్చేవారు. ఇప్పుడది 2 లక్షలు. క్రిప్టో వేదిక ఈథీరియమ్ సృష్టికర్త విటాలిక్ బుటెరిన్, డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫిగ్మా స్థాపించిన డిలాన్ ఫీల్డ్, ఓయో స్థాపించిన రితేశ్ అగర్వాల్ ఈ ఫెలోషిప్ అందుకున్నవాళ్లే. చాలామంది గమనించని విషయం ఏమిటంటే, ఆ డబ్బుకు బదులుగా ఫెలోషిప్ కంపెనీలో వాటా అడగదు. అది గ్రాంటు, అంటే తిరిగి ఇవ్వనక్కర్లేని సాయం. అర్థశాస్త్రవేత్త టైలర్ కోవెన్ 2018లో మొదలుపెట్టిన ఎమర్జెంట్ వెంచర్స్ కూడా గ్రాంట్లే ఇస్తుంది. థీల్ ఫెలోషిప్‌లో పనిచేసిన ఇద్దరు 2015లో స్థాపించిన 1517 ఫండ్ పెట్టుబడులు పెడుతూనే, ఆలోచన దశలో ఉన్న యువతకు వెయ్యి డాలర్ల చొప్పున చిన్న గ్రాంట్లు కూడా ఇస్తోంది.

ఇందులో ఒక మెలకువ ఉంది. పని ఇంకా కంపెనీ రూపానికి రాకముందే వాటాలు, వ్యాల్యుయేషన్లు (కంపెనీకి కట్టే విలువలు) అంటూ మొదలుపెడితే ఆ పని అక్కడే బిగుసుకుపోతుంది. మీ ఎదుట ఉన్నది ప్రయోగ దశలోని పని అయితే చిన్న మొత్తాన్ని తిరిగి అడగని సాయంగా ఇవ్వండి. రెండు మూడు నెలల్లో ఆ డబ్బుతో ఏం చేశారో చూస్తే, వంద సమావేశాల్లో తెలియనిది తెలుస్తుంది. అమ్మకాలో వాడకందారులో ఉండి, కంపెనీ రిజిస్టరైతే అప్పుడు వాటా మాట ఎత్తండి.

మూడో దారి ఒకటి ఉంది: కంపెనీలో కాకుండా ఆ వ్యక్తి భవిష్యత్తు సంపాదనలో వాటా తీసుకోవడం. చదువు ఖర్చులకు డబ్బు సమకూర్చే సందర్భంలో అర్థశాస్త్రవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లోనే ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. 2012లో మొదలైన అప్‌స్టార్ట్ అనే అమెరికా కంపెనీ యువత సంపాదనలో వాటాకు డబ్బు ఇప్పించే పద్ధతితోనే రంగంలోకి దిగింది. 2014లో దాన్ని వదిలేసి వ్యక్తిగత రుణాల వైపు మళ్లింది. నా సలహా సూటిగా చెబుతున్నాను: పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వాళ్లతో ఇలాంటి ఒప్పందం చేసుకోకండి. కంపెనీ మూతపడితే వాటా విలువ సున్నా అవుతుంది, కథ అక్కడితో ముగుస్తుంది. సంపాదనలో వాటా అలా కాదు, మనిషిని ఏళ్ల తరబడి వెంటాడుతుంది. మామూలు అప్పుకూ ఇదే అభ్యంతరం.

రెండో అడుగు: పోయినా ఫర్వాలేదనుకునే మొత్తం ఎంత?

కొత్త కంపెనీల్లో ఎక్కువ భాగం పెట్టిన డబ్బును తిరిగి ఇవ్వవు. లాభం వస్తే ఏ ఒకటి రెండింటి నుంచో వస్తుంది. కాబట్టి పోయినా ఇల్లు గడవడానికి ఇబ్బంది లేని మొత్తాన్ని మాత్రమే విడిగా తీయండి. దాన్ని ఒకరి మీదే కుమ్మరించకండి. పది భాగాలు చేశారనుకోండి, అయిదు భాగాలు అయిదుగురికి మొదటి విడతగా వెళ్లాలి. మిగిలిన అయిదూ వాళ్లలో నిలదొక్కుకున్న వాళ్లకు రెండో విడతగా ఇవ్వడానికి ఉండాలి. కాలం సంగతి కూడా ముందే మనసులో పెట్టుకోండి. ఫిగ్మా 2012లో మొదలైంది. అందరికీ అందుబాటులోకి వచ్చింది 2016లో. దాన్ని 2 వేల కోట్ల డాలర్లకు కొంటామని 2022లో అడోబ్ ముందుకొచ్చింది, 2023 చివరికి ఆ ఒప్పందం రద్దయింది. షేర్లు స్టాక్ మార్కెట్లోకి వచ్చింది 2025లో. అంత గొప్పగా నెగ్గిన కంపెనీకే పదమూడేళ్లు పట్టింది.

మూడో అడుగు: చదువు ఎందుకు ఆపారో అడగండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన సంభాషణ. ఒక పూట కేటాయించండి.

కాలేజీ మానేయడాన్నే ఒక అర్హతగా చూసే అలవాటు పెట్టుబడిదారుల్లో పాకిపోయింది. పేరుమోసిన ఉదాహరణలను దగ్గరగా చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. బిల్ గేట్స్ హార్వర్డ్ వదిలింది 1975లో, ఆల్టెయిర్ కంప్యూటర్‌కు బేసిక్ భాష రాసే పని చేతికి వచ్చాక. అప్పుడు కూడా సెలవు పెట్టి వెళ్లారు, వెనక్కి వెళ్లే దారి మూసుకోలేదు. మైకేల్ డెల్ టెక్సస్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది చదువుతూ హాస్టల్ గదిలోనే కంప్యూటర్ల అమ్మకం మొదలుపెట్టారు, వ్యాపారం ఊపందుకున్నాక 1984లో చదువు ఆపారు. ఫేస్‌బుక్ కూడా కాలేజీలోనే పుట్టి, పెరిగాక బయటికి వచ్చింది. వీళ్లెవరూ చదువు మానేసి ఆ తర్వాత పని వెతుక్కోలేదు. పని పెరిగి, చదువుకు సమయం లేకుండా చేసింది.

అందుకే ‘ఎందుకు మానేశారు’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబులో పని కనిపిస్తోందా, కాలేజీ మీద కోపం మాత్రమే కనిపిస్తోందా చూడండి. ‘పాఠాలు పనికిరావు, అధ్యాపకులకు ఏమీ తెలియదు’ అని అరగంట చెప్పి, తన పని గురించి అయిదు నిమిషాల్లో ముగించిన వ్యక్తికి కొంత కాలం ఆగమని చెప్పండి. ‘నలభై మంది మా సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, పరీక్షల వారంలో వాళ్ల ఫిర్యాదులకు జవాబివ్వలేకపోయాను, ముగ్గురు వెళ్లిపోయారు’ అన్న వ్యక్తి మాట వినదగింది. ఫీజు కట్టలేక చదువు ఆగిపోయిన వాళ్లూ మీ దగ్గరికి వస్తారు. వాళ్లది వేరే పరిస్థితి. వాళ్లలో కొందరికి కావలసింది పెట్టుబడి కాదు, ఫీజు. అది గ్రహించి ఆ సాయమే చేయగలిగితే చేయండి, లేదా చేసేవాళ్లను చూపించండి.

ఇంకో లెక్క కూడా మీకు తెలిసి ఉండాలి. పియర్ అజూలే, ఆయన సహ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో అత్యంత వేగంగా ఎదిగిన కంపెనీలను, అంటే వెయ్యింటిలో ఒక్కటిగా నిలిచిన వాటిని తీసుకుంటే, స్థాపించేనాటికి వాటి వ్యవస్థాపకుల సగటు వయసు 45. చిన్న వయసు దానంతట అదే విజయానికి హామీ ఇవ్వదని దీని అర్థం. యువతను వెనక్కి నెట్టడానికి ఈ అంకె వాడకండి. వాళ్లకు లేని అనుభవాన్ని ఎక్కడి నుంచి తెచ్చి జోడించాలో ఆలోచించడానికి వాడండి. డిలాన్ ఫీల్డ్ చదువు ఆపి ఫిగ్మా మొదలుపెట్టినప్పుడు పక్కన ఉన్న ఇవాన్ వాలెస్ అదే బ్రౌన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ గ్రాఫిక్స్ చదువుకున్నవాడు. జట్టులో ఒకరికి లేనిది మరొకరికి ఉంది.

నాలుగో అడుగు: మాట విన్నాక పని చూడండి

ప్రెజెంటేషన్ పక్కన పెట్టమనండి. ల్యాప్‌టాప్ తెరిచి, ఉన్నది ఉన్నట్టు చూపించమనండి. నిన్న వచ్చిన ఫిర్యాదు, దానికి ఇచ్చిన జవాబు, గత నెల బ్యాంకు స్టేట్‌మెంటు, డబ్బు చెల్లించిన చివరి అయిదుగురు ఎవరు, వాళ్లు ఎలా వచ్చారు. అందులో ఇద్దరితో మీరే స్వయంగా ఫోనులో మాట్లాడండి. అయిదుగురిలో నలుగురు బంధువులైతే అది నేరమేమీ కాదు, అందరూ అక్కడే మొదలుపెడతారు. కానీ ఆ సంగతి మీరు అడగకముందే చెప్పారా, అడిగాక చెప్పారా అన్నది గుర్తు పెట్టుకోండి. వారం తర్వాత మళ్లీ కలవండి. మొదటిసారి మీరు ఎత్తి చూపిన లోపం విషయంలో ఈ వారంలో ఏం చేశారో చూస్తే ఆరంభ శూరత్వం ఏదో, నిలకడ ఏదో తెలిసిపోతుంది.

మీకు తెలియని రంగమైతే తెలిసినవాళ్ల చేత పరీక్ష చేయించకుండా రూపాయి కూడా ఇవ్వకండి. ఎలిజబెత్ హోమ్స్ 19 ఏళ్ల వయసులో స్టాన్‌ఫర్డ్ నుంచి బయటికి వచ్చి థెరనోస్ అనే రక్త పరీక్షల కంపెనీ నడిపారు. డైరెక్టర్ల బోర్డులో హెన్రీ కిసింజర్, జార్జ్ షుల్జ్ లాంటి మాజీ విదేశాంగ మంత్రులు కూర్చున్నారు. రక్త పరీక్షల యంత్రం చెప్పినట్టు పనిచేస్తోందా అని నిలదీయగలిగే వైద్య ప్రయోగశాల నిపుణుల మాట మాత్రం అక్కడ బలంగా వినిపించలేదు. పెట్టుబడిదారులను మోసగించినట్టు 2022 జనవరిలో న్యాయస్థానం తేల్చింది, ఆమెకు 11 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. మనుషుల ప్రాణాలతో, ఆరోగ్యంతో ముడిపడిన పనుల్లో, లైసెన్సు ఉంటే తప్ప చేయకూడని పనుల్లో చదువుకున్న నిపుణులు జట్టులో ఉండి తీరాలి. ఇక్కడ పట్టుదల ఒక్కటే చాలదు.

అయిదో అడుగు: వయసు, కుటుంబం, పాత స్నేహితులు

చాలా దేశాల్లో 18 ఏళ్లు నిండని వ్యక్తి చేసిన ఒప్పందం చెల్లదు, లేదా దాన్ని ఆ వ్యక్తి తర్వాత కాదనవచ్చు. కాబట్టి వయసు ధ్రువపత్రం చూడండి. పద్దెనిమిది నిండకపోతే వాటా ఒప్పందం జోలికి పోకుండా, తల్లిదండ్రులకు తెలిసేలా గ్రాంటుగా ఇవ్వడమే మేలు. కంపెనీ చట్టాలు తెలిసిన న్యాయవాదిని మీరొకరిని, వాళ్లొకరిని విడివిడిగా పెట్టుకోవాలి. వాళ్ల న్యాయవాది ఫీజు మీరిచ్చే డబ్బులోంచే వెళ్తుందని ముందే చెప్పండి. ఒప్పందం అర్థం కాకుండా సంతకం చేయించుకున్న పెట్టుబడి మీకు గౌరవం తేదు.

తల్లిదండ్రులతో ఒకసారి కూర్చోండి. వాళ్ల అనుమతి చట్టం అడగకపోవచ్చు. కానీ ఇంట్లో రోజూ గొడవ పడుతూ కంపెనీ నడపడం ఎవరికైనా కష్టం. ఎంత డబ్బు ఇస్తున్నారో, అది ఎన్ని నెలలకు సరిపోతుందో, కంపెనీ నడవకపోతే ఏం జరుగుతుందో వాళ్లకు దాపరికం లేకుండా చెప్పండి. ‘మీ అబ్బాయి ఇంకో బిల్ గేట్స్ అవుతాడు’ లాంటి మాటలు చెప్పకండి.

ఈ వయసు కంపెనీల్లో తరచూ ఎదురయ్యే చిక్కు పాత స్నేహితులు. కాలేజీలో ముగ్గురు కలిసి మొదలుపెడతారు. ఇద్దరు చదువు ఆపుతారు, మూడోవాడు చదువు కొనసాగిస్తాడు. కంపెనీలో మూడో వంతు వాటా అతని పేరు మీద అలాగే ఉండిపోతుంది. రాసిన కోడు ఎవరిదో కాగితం మీద ఉండదు. కాలేజీ ప్రయోగశాలలో తయారైనదైతే అందులో ఆ సంస్థకూ హక్కు ఉండవచ్చు. డబ్బు చేతులు మారకముందే ఈ ముడి విప్పాలి. ఇప్పటివరకు ఈ పనిలో చేయి పెట్టిన ప్రతి ఒక్కరి పేరు రాయించండి. ఎవరు ఏం చేశారో రాయించండి. వాళ్లు చేసినదంతా కంపెనీకి బదిలీ చేస్తున్నట్టు సంతకాలు తీసుకోండి. వెళ్లిపోయిన స్నేహితుడికి న్యాయంగా రావలసిన చిన్న వాటా ఉంచి, మిగతాది వెనక్కి తీసుకునే మాట ఇప్పుడైతే ఒక సాయంత్రంలో తేలుతుంది. రేపు కంపెనీ పెరిగాక కోర్టుకెక్కుతుంది.

ఆరో అడుగు: కాగితాలు

తొలి దశలో వ్యాల్యుయేషన్ ఎంత అని కుస్తీ పట్టనవసరం లేకుండా, కొత్త కంపెనీలకు తొలి పెట్టుబడి ఇచ్చే అమెరికా సంస్థ వై కాంబినేటర్ 2013లో సేఫ్ అనే చిన్న ఒప్పంద పత్రాన్ని తెచ్చింది. మీరు ఇప్పుడు డబ్బు ఇస్తారు, తర్వాత పెద్ద పెట్టుబడి వచ్చినప్పుడు అది వాటాగా మారుతుంది, ఆ వాటా లెక్కకట్టేటప్పుడు వాడే గరిష్ఠ వ్యాల్యుయేషన్ ఎంతో ముందే రాసుకుంటారు. వడ్డీ ఉండదు, గడువు తేదీ ఉండదు. మీ దేశ చట్టానికి ఇది సరిపోతుందో లేదో న్యాయవాదిని అడగండి. సరిపోకపోతే దానికి దగ్గరగా ఉండే పత్రం ఏదో చెబుతారు.

వాటా విషయంలో అత్యాశకు పోకండి. ఎదుట ఉన్నది చిన్న వయసు వాళ్లు, డబ్బు అవసరం ఎక్కువ, బేరం తెలియదు. ముప్పై శాతం అడిగినా ఒప్పుకుంటారు. అలా ఒప్పించిన వాటా చివరికి మీకే చేటు. లెక్క చూడండి. ఇప్పుడు మీకు 30 శాతం పోతే వ్యవస్థాపకులకు 70 మిగులుతుంది. తర్వాత మూడు విడతల్లో వచ్చే పెట్టుబడిదారులు ఒక్కో విడతకు 20 శాతం తీసుకుంటే ఆ 70 కాస్తా 56, తర్వాత సుమారు 45, చివరికి 36 అవుతుంది. ఇద్దరుంటే తలా 18. ఇంత తక్కువ వాటా కోసం ఇంకో పదేళ్లు ఎవరు కష్టపడతారని తర్వాత వచ్చే పెట్టుబడిదారులు వెనకడుగు వేస్తారు. అదే మీరు 10 శాతంతో సరిపెట్టుకుంటే చివరికి వాళ్లకు 46 మిగులుతుంది.

వెస్టింగ్, అంటే వ్యవస్థాపకుల వాటా ఒకేసారి కాకుండా పనిచేసిన కాలాన్ని బట్టి వాళ్లకు దక్కే ఏర్పాటు, తప్పనిసరి. మామూలుగా నాలుగేళ్లు పెడతారు, అందులో మొదటి ఏడాది నిండేవరకు ఏమీ దక్కదు, ఆ తర్వాత నెలనెలా దక్కుతూ వస్తుంది. 40 శాతం వాటా ఉన్న భాగస్వామి ఎనిమిదో నెలలో వెళ్లిపోతే ఏమీ రాదు. పద్దెనిమిదో నెలలో వెళ్లిపోతే 15 శాతం తీసుకుని వెళ్తాడు, మిగతా 25 కంపెనీకి తిరిగి వస్తుంది. ఇది మీ కోసం పెట్టే షరతు కాదని, ఒకరు వెళ్లిపోతే మిగిలిన భాగస్వామిని కాపాడేదని వాళ్లకు విడమరచి చెప్పండి.

జీతం గురించి కూడా రాయండి. అద్దె, తిండి, ఆరోగ్య బీమా జరిగేంత జీతం కంపెనీ నుంచి వాళ్లు తీసుకోవాలి. ఆకలితో ఉంటేనే బాగా పనిచేస్తారన్న వాదన నాకు నచ్చదు. ఇంటి ఆసరా ఉన్న పిల్లలు మాత్రమే నిలబడే ఏర్పాటు అది. ఆసరా లేని ప్రతిభావంతుడు మూడో నెలలోనే ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్లిపోతాడు.

ఏడో అడుగు: డబ్బు ఇచ్చాక

నెలకోసారి ఒక్క పేజీ రాసి పంపమనండి. బ్యాంకులో ఎంత ఉంది, నెలకు ఎంత వస్తోంది, ఎంత పోతోంది, ఇంకా ఎన్ని నెలలు నడుస్తుంది, ఈ నెల ఏది బెడిసికొట్టింది. చేతిలో 24 లక్షలుండి, రాబడి పోను నెలకు 4 లక్షలు ఖర్చవుతుంటే ఆరు నెలలు మిగిలాయి. కొత్త పెట్టుబడి వెతకడానికే కొన్ని నెలలు పడుతుంది కాబట్టి వెతుకులాట ఈ రోజే మొదలుకావాలి. ఈ కూడికలు తీసివేతలు చదువు ఆపిన వాళ్లకు రావని కాదు, ఎవరూ కూర్చోబెట్టి చేయించలేదంతే. మొదటి మూడు నెలలు మీరే పక్కన కూర్చుని చేయించండి. కంపెనీ ఖాతాను సొంత ఖాతాతో కలపకూడదని, పన్నుల గడువు తేదీలు దాటకూడదని అప్పుడే అలవాటు చేయండి. చెడు వార్త ముందుగా చెప్పినవాళ్లను ఒక్కసారి కసిరినా, మళ్లీ ఎప్పుడూ చెప్పరు.

ఇప్పుడు కాలేజీ ఇచ్చే మిగతా వాటి సంగతి. తోటివాళ్లు లేకపోవడం పైకి కనిపించని పెద్ద లోటు. స్నేహితులంతా తరగతుల్లో ఉంటారు, తను ఒక్కడే గదిలో స్క్రీన్ ముందు ఉంటాడు. ఇదే వయసులో ఇదే దారిలో నడుస్తున్న మరో అయిదారుగురితో వారానికోసారి కలిసే ఏర్పాటు చేయండి. అందరూ కూర్చుని పనిచేసే చోట ఒక కుర్చీకి అద్దె కట్టండి. సలహాదారుగా పెద్ద పేరున్న మనిషి కోసం పాకులాడకండి. ఈ కంపెనీ కన్నా రెండు మూడేళ్లు ముందున్న కంపెనీ నడిపే వ్యక్తి ఎక్కువ పనికొస్తారు, నిన్నటి ఇబ్బందులు వాళ్లకింకా గుర్తుంటాయి. పుస్తకాలకు, కోర్సులకు ఏడాదికి కొంత డబ్బు విడిగా రాసిపెట్టండి. కాలేజీకి వెళ్లకపోవడమంటే చదవకపోవడం కాదు.

మీరు మాత్రం తండ్రి పాత్రలోకి జారిపోకండి. రోజూ ఫోను చేయడం, ఎవరిని ఉద్యోగంలోకి తీసుకోవాలో చెప్పడం, లోగో రంగు మార్పించడం పెట్టుబడిదారు పని కాదు. చిన్నవాళ్లు కాబట్టి కాదనలేరు. కాదనలేని వాళ్ల మీద సలహా ఆజ్ఞలా పడుతుంది.

ఎనిమిదో అడుగు: వెనక్కి వెళ్లే దారి తెరిచి ఉంచండి

పేరు కొట్టించుకోకుండా సెలవు మీద రావచ్చేమో ముందే కనుక్కోమనండి. చాలా విశ్వవిద్యాలయాలు ఏడాదో రెండేళ్లో సెలవు ఇస్తాయి, ప్రవేశం వాయిదా వేసుకోనిస్తాయి. దానికి గడువు, దరఖాస్తు ఉంటాయి. ఆ కాగితం తెచ్చాకే మొదటి విడత ఇవ్వండి. దీనివల్ల పట్టుదల సడలుతుందని కొందరు పెట్టుబడిదారులు అంటారు. నేను ఒప్పుకోను. వెనక దారి ఉందని తెలిసిన వ్యక్తి, పని నడవడం లేదని నిజాయితీగా ఒప్పుకోగలడు. దారి లేని వ్యక్తి మాత్రం అబద్ధపు లెక్కలతోనైనా నెట్టుకొస్తాడు.

ఎప్పుడు ఆపాలో కూడా మొదట్లోనే మాట్లాడుకోండి. ఫలానా తేదీకి ఇంతమంది కొనుగోలుదారులు లేకపోతే కూర్చుని ఆలోచిద్దామని రాసుకోండి. మూసివేతకు అయ్యే ఖర్చు, అంటే ఉద్యోగుల చివరి జీతాలు, పన్నులు, రిజిస్ట్రేషన్ రద్దు ఫీజులు, బ్యాంకులో విడిగా ఉంచమనండి. ఆ మొత్తాన్ని ముట్టుకోవలసి వచ్చిన రోజే మూసివేత నిర్ణయం తీసుకోవాలి, మరుసటి నెల కాదు.

మూసివేయాల్సి వస్తే ఆ పని దగ్గరుండి చేయించండి. కొనుగోలుదారులకు ముందుగా తెలియజేయడం, వాళ్ల సమాచారం వాళ్లకు తిరిగి ఇవ్వడం, బాకీలు తీర్చడం, మిగిలింది ఉంటే వాటాల ప్రకారం పంచడం. ఆ తర్వాత మీ పేరుతో ఒక సిఫారసు లేఖ రాసివ్వండి. ‘చాలా తెలివైనవాడు’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఎంతమంది కోసం ఏం తయారు చేశాడు, ఎన్ని నెలలు జీతాలు ఆపకుండా ఇచ్చాడు, నష్టాన్ని మీకు ఎప్పుడు, ఎలా చెప్పాడు అన్నవి తేదీలతో సహా రాయండి. తిరిగి కాలేజీలో చేరడానికైనా, ఉద్యోగానికైనా ఆ లేఖ పనికొస్తుంది. మీ ఫోను నంబరు కూడా అందులో ఇవ్వండి, అడిగినవాళ్లతో మాట్లాడండి.